నడవ పక్క సీటు

తిలక్ రోడ్డులో మెట్లెక్కే పని లేని
ట్రావెల్స్ ఆఫీసు ఇదొక్కటే.
అందుకే ఇక్కడికొచ్చినా.

హేమచంద్ర అనే పిల్లోడు,
మీసం రావాలా వద్దా అని ఇంకా ఆలోచిస్తా ఉన్నోడు,
బల్ల మీద బొమ్మల పుస్తకం తెరిచి
అద్దాల వంతెన చూపించినాడు.
కాళ్ళ కింద లోయ కనిపిస్తాదంట మేడమ్.
తీగకు వేలాడే డబ్బా చూపించినాడు.
నేను బొమ్మ మీద అరచెయ్యి పెట్టి మూసేసినా.
అరికాళ్ళలో అప్పటికే చీమలు బయల్దేరినాయి.

"నాయనా, చదునుగా ఉండే దేశం ఏదన్నా ఉందా?"

ఇరవై ఆరేండ్లు కండక్టరు ఉద్యోగం.
తిరుపతి డిపోలో ఉండి
కొండ డ్యూటీ ఒక్కసారీ చెయ్యలేదంటే ఎవరూ నమ్మరు.
చార్టులో ఘాట్ రోడ్డు పడిన ప్రతిసారీ
కుళ్ళాయప్పకి రెండు టీలూ ఒక ఆదివారమూ ఇచ్చి
శ్రీకాళహస్తి బస్సు పుచ్చుకునేదాన్ని.
ఏర్పేడు దాకా చదును,
ఏర్పేడు దాటినా చదును,
ఆ రోడ్డు నాకు పుట్టినిల్లు.

భక్తి లేక కాదు.
అలిపిరి నుంచి నడిచే పోతా.
ముందర మెట్టుకి ఎవరో పూసిన పసుపు,
దాని ముందర మెట్టుకి ఎవరో అద్దిన కుంకుమ,
అంతవరకే చూసుకుంటా, తల ఎత్తకుండా.
చూసేవాళ్ళు వినయమనుకుంటారు.

ఫ్లైఓవర్ వచ్చినంక ఆటోవాళ్ళతో రోజూ తగువే:
కింద నుంచే పోనీ అబ్బయ్యా,
పది రూపాయలు ఎక్కువిస్తా.

పడిపోతానని కాదు భయం.
ఇది ఎవరికీ చెప్పలేదు, ఫరీదాకి కూడా.
అంచు దగ్గర నిలబడితే
నేల నన్ను పేరు పెట్టి పిలుస్తాది,
స్టేజీ వచ్చింది, దిగమ్మా, దిగు దిగు అని
వేలమందిని నేను పిలిచిన గొంతుతోనే.

ఫరీదా నాతో వచ్చే మనిషి. ఎదురింటి టైలరు.
"జాకెట్ల మీద పూలు కుట్టీ కుట్టీ కళ్ళు పోయినాయి,
మట్టిలోంచి వరసలుగా లేచేవి చూసొద్దాం పా" అంది.
ఖర్చుల లెక్కంతా ఆమెది.
ఎత్తుల లెక్క నాది.

పిల్లోడు కంప్యూటర్లో వెదికి వెదికి చెప్పినాడు:
"సముద్రం కన్నా కిందుండే దేశముంది మేడమ్, నెదర్లాండ్స్.
కట్టలు కట్టి నీళ్ళని ఆపుకున్నారంట."
ఒళ్ళంతా ఒక్కసారి తేలికైంది.
భూమ్మీద నాకోసం ఎవరో
ముందే ఒక పల్లం చూసి పెట్టినారు.

నోటుబుక్కులో రాసుకున్నా.
హోటల్లో కింది గది.
వంతెనలు కాలవల మీదవి, పొట్టివి, ఫరవాలేదు.
గాలిమర బయట నుంచి చాలు.
అక్కడి ఇండ్లలో మెట్లు నిట్టనిలువంట, అడగాల.

అంతా అయినంక పిల్లోడు, పాపం, మెల్లగా అన్నాడు:
"విమానం మాత్రం పైనే పోతాది మేడమ్."
ఎంత పైన?
"ముప్పై అయిదు వేల అడుగులు."
టికెట్లు లెక్కపెట్టిన వేళ్ళు ఊరికే ఉండవు.
మన కొండ మీద కొండ పేరిస్తే పన్నెండో పదమూడో.
ఏడు కొండలకే తల ఎత్తనిదాన్ని.

పదకొండు రోజులుగా సాధన చేస్తా ఉండా.
కొర్లగుంటలో మా మిద్దె రెండంతస్తులు.
రోజుకొక అడుగు, పిట్టగోడ దిక్కు.
నిన్న చెయ్యి ఆనింది.
గోడ ఇంకా పగటి ఎండతో వెచ్చగా ఉంది.
కళ్ళు తెరిస్తే కొండ ఒంటి మీద దీపాల వరస,
దాంట్లో ఒకటి కదిలి, వంపు తిరిగి, మాయమై, మళ్ళీ వచ్చింది.
బస్సే అయ్యుంటాది.
లోపల ఎవరో కండక్టరు
సీటుకి తొడ ఆనించి చిల్లర ఎంచుకుంటా ఉంటాడు,
లోయ దిక్కు చూసే తీరిక కూడా లేకుండా.
మోకాళ్ళు వణికినాయి. అయినా
ఆ దీపం పైకి చేరేదాకా కిందికి దిగలేదు.

ఈ పొద్దు ఫారంలో అడిగినాడు,
కిటికీనా మేడమ్, నడవ పక్కనా?
నడవ, అని చెప్పినా, డిపో అంతా వినపడేట్టు.
టైపు చేసేసినాడు.
చెప్పులేసుకుని గుమ్మం దాటి
మళ్ళీ తల లోపలికి పెట్టినా:
"మార్చుకోవాలంటే
ఎన్ని రోజుల దాకా టైముంటాది నాయనా?"